తెర దించే వేళ

పక్కింటి చైత్ర పెళ్ళి చేయించనని సోమయాజులు చెప్పేశారు. ఆ పిల్లకు అక్షరాభ్యాసం చేయించింది ఆయనే. అయినా ఇద్దరమ్మాయిలు ఒకరినొకరు చేసుకునే పెళ్ళికి ఆయన మనసొప్పలేదు. చట్టం ఏ ఇద్దరి పెళ్ళినీ కాదనదు, ఏ పురోహితుడినీ బలవంతపెట్టదు. కాదన్నవారి పీట మీద యంత్రం కూర్చుంటుంది. ఈమధ్య అమలాపురంలో సగం పెళ్ళిళ్ళు అదే చేయిస్తోంది.

"చేయించనన్నవారు వెళ్ళడమెందుకండీ?" అని అడిగింది భార్య.

"చూడననలేదుగా. అది ఈ పెళ్ళి ఎలా నడుపుతుందో చూడాలనుంది," అన్నారాయన. వెళ్ళి ముందు వరసలోనే కూర్చున్నారు.

యంత్రం మంత్రాలు స్పష్టంగానే చదివింది. చైత్రకూ నిహారికకూ మధ్య తెర పట్టారు. ఇద్దరి చేతుల్లోనూ జీలకర్ర బెల్లం ఉంది. అక్కడ యంత్రం ఆగిపోయింది.

"వరుడు ఎవరో చెప్పండి."

"ఎవరూ లేరు," అంది చైత్ర.

"వరుడు ఎవరో చెప్పండి," అంది యంత్రం మళ్ళీ.

సోమయాజులు గడియారం చూసుకున్నారు. ముహూర్తం దాటిపోతోంది. ఇక కూర్చోలేక లేచారు.

"జీలకర్ర బెల్లానికి వరుడితో పనేమిటి? ఒకరి తల మీద ఒకరు, ఇద్దరూ ఒకేసారి పెట్టుకోవడమేగా. తెర దించండమ్మా," అన్నారు తెర పట్టుకున్న ముత్తయిదువలతో.

తెర దిగింది. గట్టిమేళం మోగింది.

యంత్రం ఆయన వైపు తిరిగింది. "మీ నిరాకరణ రద్దు చేయమంటారా?"

"వద్దు. నా మాట నాదే," అంటూ ఆయన మళ్ళీ కూర్చున్నారు. "ముహూర్తం వాళ్ళది."