ఎడమకు తిప్పితే

తొండూరు ఇంకా మైలు దూరం ఉందనగా రోడ్డు ఎడమకు తిరిగింది. జీపు ముందు చక్రంలో ఇసుర్రాయి తిప్పినట్టు గరగరమని శబ్దం వచ్చింది.

"ఆపరా బండి!" అని అరిచాడు ఆదినారాయణ.

డ్రైవరు కరీముల్లా ఆపలేదు. "యుద్ధంలో తిరిగిన మిలిటరీ బండి గదన్నా. సప్పుడు లేకుండా యాడుంటాది? పోదాం."

తర్వాతి మలుపులో మళ్ళీ అదే గరగర. ఈసారి ఆదినారాయణ స్టీరింగు మీదే చెయ్యి వేశాడు. "చక్రం ఊడి వంకలో పడితే మమ్మల్ని నీ యబ్బ లేపుతాడా?"

వెనక ఆరుగురున్నారు. వాళ్ళ కాళ్ళకింద గోనెసంచుల్లో కొడవళ్ళున్నాయి. ఏడాది కిందట ఆదినారాయణ అన్నను నరికిన ఓబులేసును కోర్టు మొన్ననే వదిలేసింది. ఈ పూట వాడు జమ్మలమడుగు నుంచి బస్సులో పులివెందులకు వస్తున్నాడని కబురు. తొండూరు దాటాక కల్వర్టు దగ్గర బస్సు ఆపాలని ఏర్పాటు. బయలుదేరేటప్పుడు తల్లి పెంచలమ్మ ఇంటి మగవాళ్ళందరి ఎదుట, పోయిన కొడుకు తలగుడ్డ తెచ్చి చిన్నకొడుకు తలకు చుట్టింది. "పని కాకుండా నా గడప తొక్కొద్దు" అంది.

తొండూరులో కమాల్ బాషా షెడ్డు ముందు జీపు ఆగింది. ఆయిలింజన్లు బాగుచేసే మనిషి. బండిని అటూ ఇటూ తిప్పించి, పక్కనే నడుస్తూ విన్నాడు.

"ఎడమకు తిప్పితేనే అరుస్తాండాది. అప్పుడు బరువంతా కుడిచక్రం మింద పడతాది గదా. బేరింగు పోతాంది. ఎంత దూరం పోవాల?"

"రెండు మైళ్ళు" అన్నాడు మేనమామ లింగన్న.

"అంతేనా? మెల్లగా పోతే ఏం గాదు. వచ్చేటప్పుడు ఇప్పుదాంలే."

లింగన్న మళ్ళీ బండి ఎక్కబోయాడు.

"దిగు మామా!" ఆదినారాయణ అరుపుకు ఎదురుగా టీ అంగడిలోని వాళ్ళు తలలు తిప్పారు. "వచ్చేటప్పుడు మనకు మెల్లగా పొయ్యే తీరిక ఉంటాదా? ఇప్పు బాషా. ఇప్పుడే ఇప్పు!"

బాషా చక్రం దించి మూత తీశాడు. లోపలి గ్రీజును అరచేతిలో నలిపి చూసి, ఆ చెయ్యి ఆదినారాయణ ముందుకు చాపాడు.

"ఇది రోడ్డు దుమ్ము గాదన్నా. వంక ఇసక. మూత ఇప్పి ఎవురో పోసినారు."

కరీముల్లా చెంప ఛెళ్ళుమంది.

"బండి నీ చేతిలో గదరా ఉండేది! ఎవుడు పోసినాడు? ఓబులేసు నీకేం ఆశ పెట్టినాడు?" ఆదినారాయణ మళ్ళీ చెయ్యెత్తాడు.

"అల్లా మీద ఒట్టన్నా! పదేండ్లు మీ ఉప్పు తిన్యా. బండి మీ కొట్టంలోనే గదా నిలిపినా!"

బేరింగు ఇంకా కిరసనాయిలు డబ్బాలో నానుతుండగానే దుమ్ము లేపుకుంటూ బస్సు వచ్చింది. కిటికీ పక్కన ఓబులేసు. అతని భుజం మీద తల వాల్చి భార్య నిద్రపోతోంది.

లింగన్న గోనెసంచి లాగాడు. "ఈడనే నరికేద్దాం, రాండి!"

ఆదినారాయణ అతని రొమ్ము మీద రెండు చేతులూ వేసి వెనక్కి తోశాడు. "మూడు చక్రాల బండితో యాడికి పారిపోతావు మామా? మనందరి పెండ్లాలూ జైలు కాడ నిలబడాల్నా?"

బస్సు పులివెందుల వైపు వెళ్ళిపోయింది. అది కనుమరుగయ్యాక ఆదినారాయణ చేతికందిన స్పానర్ తీసి షెడ్డు రేకుల మీదికి విసిరికొట్టాడు.

ఇంటి దగ్గర పెంచలమ్మ వాళ్ళ మొహాలు చూసి, లోపలికి పోయి తలుపేసుకుంది.

మూసిన ఆ తలుపు ముందు, అందరూ వినేటట్టు ఆదినారాయణ ఒట్టు పెట్టుకున్నాడు. "ఇసక పోసినోడు ఎవుడైనా సరే, నా తోడబుట్టినోడైనా సరే, దొరికిననాడు ఆ చెయ్యి నరుకుతా!"

తర్వాత ఒక్కడే పెరట్లో నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని, తెల్లారకముందు తానే జీపు చక్రం మూత విప్పి ఇసక పోసినప్పుడు గోళ్ళలో ఇరుక్కున్న గ్రీజును చీపురుపుల్లతో గీక్కోసాగాడు.