తాళం సార్

"ఇక్కడ తాళం ఎవరు వేస్తారమ్మా?"

జీపు దిగి గేటు దగ్గరే పావుగంట నిలబడిన ఆఫీసరు, లోపలికొచ్చి అడిగిన మొదటి మాట అది.

పొజ్జే ప్రాక్టీసు ఆపేసింది.

తెలుగు నేల సరిహద్దు అవతలున్న ఆవపల్లిలో ఆడపిల్లల కబడ్డీ సెంటర్‌కు ఆమె కోచ్. రెండు గదులు, ఓ మైదానం, పదకొండు మంది పిల్లలు. జిల్లాలోని మూడు సెంటర్లలో రెండింటికి ఈ ఏడు తాళం పడుతుందని వారం నుంచీ చెవిన పడుతూనే ఉంది. మూసేవేవో తేల్చడానికి పెద్ద ఆఫీసరే వస్తాడన్నారు. వచ్చాడు.

"నేనే ఏస్త సార్," అంది.

"ఎవరు నేర్పారు?"

తాళం వేయడం కూడా ఒకరు నేర్పాలా అని ఆశ్చర్యపోయింది పొజ్జే.

"నేర్పుడేంది సార్. చిన్నప్పటి సంది ఏస్తున్న. రోజూ ఏసేదే."

ఆయన కళ్ళు మెరిశాయి. ఎందుకు మెరిశాయో ఆమెకు అంతుపట్టలేదు.

పేరు సత్యమూర్తి. క్రీడా సంఘం కార్యదర్శి, నవ్వని మనిషని పేరు. కోస్తా నుంచి గనుల్లో పనికొచ్చిన తండ్రికి బచేలి టౌన్‌షిప్‌లో పుట్టాడు. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ అది ఆవపల్లి తెలుగు కాదు.

ప్రాక్టీసు ఆపొద్దన్నాడు. పొజ్జే మళ్ళీ మొదలుపెట్టింది.

ఆమె దగ్గర విజిల్ లేదు. బోర్లించిన సిల్వర్ గంజు గిన్నె, ఓ వెదురు పుల్ల, అంతే. కూతకెళ్ళే పిల్ల గీత దాటేదాకా నింపాదిగా కొడుతుంది. వెనక్కి తిరిగిందంటే గబగబా కొడుతుంది. పిల్లల కాళ్ళు ఆ చప్పుడు వెంటే పోతాయి.

ఆఫీసరు పిల్లల్ని చూడటం మానేసి కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడనే అనుకుంది. కానీ ఆయన వేళ్ళు ఫైలు మీద కదులుతున్నాయి. కాసేపటికి జేబులోంచి ఫోన్ తీసి గంజు పక్కన పెట్టాడు.

విజిల్ కూడా లేదని సాక్ష్యం తీసుకుంటున్నాడు కాబోలు. పొజ్జే చేయి ఆపేసింది.

ఆయన జీపు వైపు ఓసారి చూశాడు. డ్రైవర్ వినడం లేదని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

"మీ తాళం నాకు కావాలమ్మా. తీసుకెళ్తాను. అడక్కుండా తీసుకెళ్ళడం తప్పు, అందుకని అడుగుతున్నాను."

మూయడానికి వచ్చినవాడు ఇంత మర్యాదగా అడగడం ఆమె ఎక్కడా చూడలేదు. ఆ మర్యాదకు మెత్తబడిందా, రేపట్నుంచి పిల్లలు కబడ్డీ మానుకుని ఇప్పపూలు ఏరుకోవాల్సిందే.

"ఇయ్య సార్," అంది. "అది నా పిల్లలది. రాయ్‌పూర్ పోయి ఎవరితో చెప్పుకున్నా ఇయ్య."

ఆయన ముఖం చిన్నబోయింది.

"నిజమే, మీది. మీరొద్దంటే నేను ముట్టుకోను," అన్నాడు. ఆమె కళ్ళముందే ఫోన్‌లో ఏదో నొక్కి, చెరిపేశానని చూపించాడు. చేతులు జోడించి జీపెక్కాడు.

ఏం చెరిపాడో పొజ్జేకు అర్థం కాలేదు. ఎందుకైనా మంచిదని ఆ రోజు నుంచి తాళంచెవిని నడుముకు కట్టుకుని తిరిగింది. పిల్లలు ఆయనకు తాళం సార్ అని పేరు పెట్టారు.

రెండు వారాలకు ఉత్తరం వచ్చింది. మిగతా రెండూ మూతపడ్డాయి. ఆవపల్లి సెంటర్ నిలిచింది.

తాళం ఇవ్వకుండా తాను ఎలా గట్టిగా నిలబడిందో పొజ్జే తర్రెం ఊరి దాకా చెప్పుకుంది. అడిగినవాళ్ళకు, అడగనివాళ్ళకు కూడా.

నాలుగు నెలల తర్వాత పిల్లలు జగదల్‌పూర్ పోటీలకు వెళ్ళొచ్చారు. కెప్టెన్ సుమన్ ఫోన్‌లో ఓ పాట పట్టుకొచ్చింది. అక్కడ రోజూ ఆటలకు ముందు దాన్నే వేశారట.

"ఇది కట్టిందెవరో తెలుసా అక్కా? మన తాళం సార్."

పొజ్జే నమ్మలేదు. సుమన్ విన్నదంతా చెప్పింది. ముప్పై ఏళ్ళుగా ఇంట్లో తలుపేసుకుని పాటలు కట్టేవాడట. నవ్వుతారని ఆఫీసులో ఒక్కరికీ చెప్పలేదట. ఆవపల్లి సెంటర్ మూయొద్దని మీటింగులో పట్టుబట్టింది ఆయనొక్కడేనట. పోటీలు ముగిసిన రోజే రిటైరై, ఆఫీసు ఫోన్ అప్పగించి వెళ్ళిపోయాడట. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదట.

పాట మొదలైంది. ఓ ఆడగొంతు, ఓ వేణువు. డప్పు లేదు, డోలు లేదు.

అయినా పిల్లల కాళ్ళు వాటంతటవే కదిలాయి. పొజ్జే వేళ్ళు గంజు మీద పడ్డాయి. మొదటి దెబ్బ నుంచి చివరి దెబ్బ దాకా ఆమె వాయింపు పాటలో ఇమిడిపోయింది.

"దీనికి దెబ్బ లేదేంది?" అంది పొజ్జే.

"కింద హిందీల రాసిండ్రు అక్కా. చదువుతా ఆగు. సంగీత్, సత్యమూర్తి. తాల్..."

"తాల్ అంటే ఏంది?"

"తాళం అక్కా. మనం దెబ్బ అంటం చూడు, నువ్వు గంజు మీద ఏసేది. సదువుకున్నోళ్ళు దాన్ని తాళం అంటరు."

పొజ్జే చేయి నడుమున ఉన్న తాళంచెవి మీద ఆగిపోయింది.

మిగతా మాటల్ని సుమన్ ఒక్కొక్కటిగా తెలుగు చేసి చదివింది.

"తాళం, ఆవపల్లి పొజ్జేగారిది. వారు ఇవ్వనన్నారు. ఇంకెవరిదీ ఈ పాటకు సరిపోలేదు కనుక ఖాళీగా ఉంచాను."