డ్రయ్యర్‌లో పీచు

ప్యారిస్‌లో టెన్నిస్ కప్పు గెలిచిన మూడోనాడే హాంపుస్, స్టాక్‌హోమ్‌కి దగ్గరి ఊరు వెస్టెరోస్‌లోని మా అపార్టుమెంటు కిందిగదిలో, కోర్టు ఎర్రమట్టి అంటిన మేజోళ్లు ఉతుక్కుంటున్నాడు. బట్టలుతికే ఆ గదికి ఇంటింటికీ వంతులున్నాయి. తరవాతి వంతు మా పొరుగింటి పెద్దావిడ గున్‌వోర్‌ది. బుట్టతో వచ్చి గుమ్మంలో నిలబడింది.

"కప్పు గెలిచావట. గడియారం చూడ్డం మాత్రం అక్కడెవరూ నేర్పలేదా?"

"అయిపోయింది పిన్నీ, రెండే నిమిషాలు."

"డ్రయ్యర్ జాలీలో చిక్కిన బట్టల పీచు ఎవరు తీస్తారు? కప్పిచ్చినవాళ్లొచ్చి తీస్తారా?"

లండన్‌లో గెలిచొచ్చినా అంతే. "అబ్బో, ఛాంపియన్‌గారు! సబ్బుపొడి నేలంతా చల్లారేం? జనం చల్లే పూలనుకున్నారా?"

దేశమంతా ఆకాశానికెత్తిన మనిషి ఆవిడ ముందు వంగి పీచు తీసేవాడు. నవ్వుకుంటూనే తీసేవాడు.

ఈ అక్టోబరులో స్టాక్‌హోమ్‌లో, మొదటి మ్యాచ్‌లోనే మీసాలు కూడా రాని కుర్రాడి చేతిలో ఓడాడు. ఇక ఆడలేవని డాక్టరన్నాడు, కోచ్ అన్నాడు. హాంపుస్ నమ్మలేదు.

ఇంటికొచ్చి, కిందిగదిలో తన వంతు దాటినా కదలకుండా, కావాలనే జాలీలో పీచు వదిలేసి, తిట్ల కోసం ఎదురుచూశాడు.

గున్‌వోర్ వచ్చింది. పీచు తనే తీసింది.

"తొందరేం లేదు నాయనా. నా వంతు కూడా నువ్వే వాడుకో."

ఆ సాయంత్రమే హాంపుస్ పత్రికలవాళ్లను పిలిచి, ఆట మానేస్తున్నానని చెప్పాడు.