ఒక్క చోటుకు ఇద్దరు కోటప్పలు

వాగుకు ఇవతలి ఒడ్డు జంతువులకూ అవతలి ఒడ్డు జంతువులకూ ఏటా పందెం. వెలక్కాయను కర్రతో కొట్టి, దూరంగా ఉన్న బొరియలో పడెయ్యాలి. ఈసారి ఇవతలి జట్టుకు కోటప్ప అనే కొంగ కెప్టెన్. ఆ ఏడు అందరికంటే బాగా కొడుతున్నదీ ఆయనే.

జట్టులో ఒక్క చోటు మిగిలింది. తన పేరు తానే చెప్పుకుంటే నలుగురూ నవ్వుతారని కోటప్పకు భయం. అందుకని పద్ధతిగా పోదామనుకున్నాడు.

రాయెక్కి, కెప్టెన్ హోదాలో, "ఏమోయ్, ఆట ఎలా ఉంది?" అని దర్జాగా అడిగాడు. గబగబా దిగి, ఆటగాడిలా రెక్కలు ముడుచుకుని, "తమ దయవల్ల బాగానే ఉందండీ" అన్నాడు. మళ్ళీ ఎక్కి, "సరే, రేపు కనబడు" అన్నాడు.

దిగేసరికి ఒళ్ళు మండిపోయింది. "నన్నే తిప్పుతారా? నక్క కొత్తగా పందేలు పెట్టింది. అక్కడ ఓడినవాణ్ణి కూడా తీసెయ్యరట. అక్కడికే పోతా!"

రాయెక్కి, "పోతే పో!" అని అరిచాడు.

పందెం రోజు వచ్చినా ఆ చోటు ఖాళీగానే ఉంది. రెండు జట్లూ సమానంగా నిలిచాయి. ఆ చోటువాడు కొట్టాల్సిన ఒక్క దెబ్బే మిగిలింది, కొట్టేవాళ్ళు లేరు. కోటప్ప ఇంకా కర్ర పట్టుకుని రాయి ఎక్కుతూ దిగుతూ తనతో తానే పోట్లాడుకుంటున్నాడు.

చూడ్డానికొచ్చిన తాబేలు నాగులమ్మకు విసుగొచ్చింది. "కోటప్ప బాబాయ్, మీరిద్దరూ తర్వాత తేల్చుకోండి. ముందా కర్ర ఇటివ్వు" అని లాక్కుని, ఒక్కటి కొట్టింది. కాయ దొర్లి దొర్లి బొరియలో పడింది.

ఒడ్డంతా కేకలు. కెప్టెన్ కోటప్ప పొంగిపోయాడు. ఆటగాడు కోటప్ప మాత్రం వానాకాలం వెళ్ళేదాకా ఆయనతో మాట్లాడలేదు.