అసలు ప్లాను

బాలకృష్ణ పార్కు స్థలాన్ని మింగేశాడన్న అనుమానం ఎబినేజర్‌కు ఒక ఆదివారం చర్చిలో, అందరూ కళ్లు మూసుకుని ఉన్నప్పుడు వచ్చింది. ఆ పూట ప్రార్థన మీద మనసు పెట్టి ఉంటే బాగుండేదని ఆయన ఇప్పటికీ అంటుంటాడు.

బాలకృష్ణ అల్మాస్‌గూడలోని తన తాతల నాటి పొలాన్ని ప్లాట్లు చేసి అమ్మాడు. అందులో నూట యాభై గజాలు కొని, ఎబినేజర్ నిరుడే ఇల్లు కట్టుకున్నాడు. కాలనీలో అరవై ఇళ్లు లేచాయి గానీ, పిల్లలు బంతి ఆడుకోవడానికి జానెడు జాగా లేదు. అమ్మేటప్పుడు చెప్పిన పార్కు ఏదని అడిగితే, బాలకృష్ణ "ఒస్తది" అని తప్పించుకునేవాడు.

పార్కు కోసం బాలకృష్ణతో బేరమాడే పనిని కాలనీ సంఘం ఎబినేజర్‌కు అప్పజెప్పింది. దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో ఇరవై ఏళ్లుగా సేల్స్‌మ్యాన్ ఆయన. ముఖం చూసి, కొనడానికొచ్చిన గిరాకీ మనసులో ఏముందో చెప్పగలనని గొప్ప. ఇన్నేళ్లలో భార్య రెబెక్కకు నచ్చిన రంగు చీర ఒక్కటి కూడా తేలేదన్నది ఎవరికీ చెప్పలేదు.

సోమవారం బాలకృష్ణ ఆఫీసుకు వెళ్లి, రెండుసార్లు అద్దం ముందు చెప్పుకున్న మాట వదిలాడు.

"అన్నా, పార్కు ఇయ్యకుంటే మున్సిపల్ ఆఫీసుల అసలు ప్లాను తీపిస్త."

బాలకృష్ణ ముఖం పాలిపోయింది. "ప్లాను జోలికి ఎందుకు పోతవ్ తమ్మీ? కాలనీ గేటు పక్కన నాకు మూడొందల గజాలు మిగిలింది. అది రాసిస్త, పార్కు జేసుకోండ్రి."

బెదిరిన గిరాకీ. ఎబినేజర్ లోలోపల పొంగిపోయాడు. "మూడొందలల్ల ఏమొస్తదన్నా? ఐదొందలన్న కావాలె."

వారం తిరిగేసరికి బాలకృష్ణ ఐదు వందలకు ఒప్పుకున్నాడు. మరో వారానికి ప్రహరీ, నడక దారి, ఉయ్యాలలు కూడా వచ్చి చేరాయి. ఒక్కటే షరతు, ప్లాను ఎవరూ తీయించకూడదు.

"నీ మంచికే చెప్తున్న తమ్మీ," అన్నాడు.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే, రెబెక్క చపాతీ పిండి కలపడం ఆపింది.

"అడిగినవన్నీ ఇస్తున్నడు గద. ఒప్పుకోరాదా?"

"నీకు తెల్వది. ఊకెనే ఎవడన్న ఇస్తడా? ఆయన ఆఫీసు కట్టిన జాగనే పార్కు అయ్యుంటది. గందుకే గింత పరేషాన్ అయితున్నడు."

బేరం ఎక్కడ ఆపాలో గిరాకీలకు తెలియదని రోజూ షాపులో నవ్వుకునే ఆ మనిషి, మరునాడు సెలవు పెట్టి మున్సిపల్ ఆఫీసులో తన పేరుతోనే ఫిర్యాదు ఇచ్చాడు. పార్కు స్థలంలో ఏ కట్టడం ఉన్నా వెంటనే కూల్చాలని, ఎవరొచ్చి ఏడ్చినా దయ చూపవద్దని రాశాడు. చాలదేమోనని ఆ చివరి మాట కింద గీత కూడా గీశాడు.

సంగతి తెలిసి బాలకృష్ణ ఫోన్ చేశాడు. "ఎంత పని జేసినవ్ తమ్మీ," అని పెట్టేశాడు. ఎబినేజర్ ఆ మాటను షాపులో నలుగురికీ, బాలకృష్ణ గొంతుతో సహా, అభినయించి చూపించాడు.

పదిహేను రోజులకు టౌన్‌ప్లానింగ్ అధికారి అమల, ఇద్దరు సర్వేయర్లతో కాలనీకి వచ్చింది. జనమంతా వెంట నడిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఎబినేజర్ అందరికన్నా ముందున్నాడు. బాలకృష్ణ ఆఫీసు దగ్గర ఆగి, "ఇదే గద మేడమ్," అన్నాడు.

ఆమె ప్లాను చూసి తల అడ్డంగా ఊపింది. "ఇది ఆయన సొంత ప్లాటే. పార్కు ఇంకా లోపలికి."

టేపు మొదటి వీధి దాటింది. రెండో వీధి మలుపులో ఎబినేజర్ కాస్త వెనకబడ్డాడు. మూడో వీధిలో ఒక ఆకుపచ్చ గేటు ముందు సర్వేయర్లు ఆగి, గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టారు.

"ప్లానులో పార్కు ఇదే. పైన ఇల్లు కట్టేశారు," అంది అమల. "మీరు రాసినట్టే దయ చూపించం సార్. దీని ఓనర్ ఎవరో జర పిలవండి."

ఎబినేజర్ జనం వెనక్కి జరిగాడు.

గేటు తీసుకుని రెబెక్క బయటికి వచ్చింది. జనాన్ని చూసి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ అడిగింది. "ఏంది, గింతమందిని మనింటికి తోలుకొచ్చినవ్?"