ఒక్క ముంత

శ్రీశైలమ్మ మొగుడంత మొండిమనిషి ఆదోని మొత్తంలో ఇంకొకడు ఉండడు. పొద్దున్నుంచి పొయ్యి దగ్గర ఉడికి, విస్తరి వేసి పిలిస్తే రాడు. ఆయన ముట్టందే ఇంకెవరూ ముద్ద ఎత్తకూడదు. ఎమ్మిగనూరు నుంచి వచ్చిన చుట్టాలు ఎండలో నిలబడి, చేతులు జోడించి మరీ బతిమాలారు. ఊహూఁ. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. మధ్యాహ్నం రెండయింది.

“రొట్టె చేస్తి, గుత్తొంకాయ చేస్తి, ఓళిగలు చేస్తి. ఇంకేం గావాలంట మీ అన్నకు?” మరిదిని అడిగింది.

“నీకు తెలీదా వదినా?” అన్నాడు సుంకన్న నేల చూస్తూ.

తెలుసు. కల్లు తన గడప తొక్కకూడదని ఇరవై రెండేళ్ల కిందట ఒట్టు పెట్టింది ఆమే. అదేదో ఆ సందులోనే తాగి రమ్మంది.

చెప్పులేసుకుని బయలుదేరింది.

నిరుడు తెరిచిన సినిమా హాలుకూ, కొత్త లాడ్జికీ మధ్య, మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టని సందు అది. బయటంతా ట్యూబులైట్ల బోర్డులు. లోపలికి పదడుగులు వేస్తే కరెంటు ఇంకా పుట్టని కాలం. మసిబారిన దూలాలు, పులిసిన వాసన, పట్టపగలే బుడ్డిదీపం.  ఆమెను చూడగానే తాగేవాళ్లు ముంతలు కింద పెట్టేశారు.

మూల బెంచీ ఖాళీగా ఉంది. దాని వెనక సున్నపు గోడ మీద తలా భుజాలూ ఆనిన నూనె మరక. అచ్చం ఆయనే. ఇటు తిరుగుతాడేమో అనిపించి, శ్రీశైలమ్మ కొంగు బిగించింది.

మొగుడి పేరు ఆమె నోట పలకదు. పలకాల్సిన పనీ పడలేదు. కల్లంగడి నడిపే బజారి ఆమె ఉత్త చేతుల వంక చూసి లేచి నిలబడ్డాడు.

“రోజుకెన్ని ముంతలు పోస్తాంటివి ఆయప్పకు?”

“ఒగటేనమ్మా.”

“నాకాడ అబద్ధాలు సెప్పొద్దు.”

“నీమీదొట్టమ్మా. రెండోది పోయబోతే, ‘వద్దప్పా, మా ఆడది తినకుండా కాసుకోనుంటాది’ అని లేస్తాండె.”

శ్రీశైలమ్మ ఒక్క ముంత నింపమంది. బజారి నింపి ఇచ్చిన ముంత మీద కొంగు కప్పుకుని ఇల్లు చేరింది. ఒట్టు దాటి గడప దాటింది. మిద్దె ఎక్కి, విస్తరి పక్కన ముంత పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగింది.

“ఇన్నేండ్లూ తప్పు నాదేలేప్పా, వచ్చి తిను” అని అందరూ వినేలా ఒప్పుకున్నాక గానీ, మొగుడికి పెట్టిన పదకొండోనాటి పిండాన్ని కాకి ముట్టలేదు.