మామగారి మోకాళ్ళు

చమురు బావిలోంచి గొట్టాలు పైకి లాగే హైడ్రాలిక్ జాకీని అల్లుడు మధ్యలోనే ఆపేశాడు. కాంట్రాక్టరు మామగారు కోపంతో ఊగిపోతూ వచ్చారు.

"ఎందుకాపావ్?"

"జాకీకి ఆయిల్ వెళ్ళే రబ్బరు పైపు ఉబ్బింది మామయ్యా. పగిలితే జాకీ మీద నిలబడ్డ మనిషి దక్కడు."

"బల్లిని చూసి మంచమెక్కే రకానివి! నీకు పిల్లనిచ్చాను చూడు, నాదీ బుద్ధి తక్కువ. ఏమీ కాదు, లాగు!"

"అయితే అతన్ని దింపేస్తాను. మీరెక్కండి."

మామగారు నిచ్చెన వైపు నడవబోయి, పైపు ఉబ్బిన చోటు చూసి ఆగిపోయారు.

"నాకు మోకాళ్ళ నొప్పులు."

ఆయనకు ప్రమాదం తెలియదనే ఇన్నాళ్ళూ అనుకున్నాడు అల్లుడు.

"అన్నా, దిగిరా!" అని పైకి కేకేశాడు. తర్వాత మామగారికి నీడలో కుర్చీ వేశాడు.

"కూర్చోండి. మోకాళ్ళు జాగ్రత్త."